గురువారం గ్రూపులో చెప్పింది ఆదివారానికి గుడి మెట్ల మీద! మీ విచారణలో చిన్న గ్రూపులు ఎట్లా నడుస్తున్నాయి?

మల్లెపందిరి_కర్నూలు
కాస్త పొడవైన గోడు, ఓపికుంటేనే చదవండి. మాది కర్నూలు, ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్కులం. రెండేళ్ల క్రితం మా ఫాదర్ గారు విచారణ (అంటే ఒక ఫాదర్ గారి కింద ఉండే గుడి, దాని ఇళ్లు) మొత్తాన్ని వీధుల వారీగా చిన్న గ్రూపులు చేశారు. ఒక్కో గ్రూపుకు పదిహేను ఇళ్ల లోపే. పదిహేను రోజులకొకసారి గురువారం రాత్రి ఏడింటికి ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాం. బైబిల్ చదువుకోవడం, ఇంటి సంగతులు పంచుకోవడం, ప్రార్థన, టీ. ఒక కుటుంబానికి కష్టమొస్తే ఫాదర్ దాకా రాకముందే పక్క కుటుంబం ఆసరా కావాలని ఆయన ఉద్దేశం. మంచిదే. మా గ్రూపుకు నన్ను లీడర్‌ని చేశారు. అర్హత ఏమిటంటే నాకు చక్కగా రాయడం వచ్చు, స్కూటీ ఉంది.

మొదటి ఏడాది బాగానే నడిచింది. రెండు నెలల కిందట ఒక అక్క ఏడుస్తూ నోరు తెరిచింది. వాళ్లాయన ఫోన్‌లో రమ్మీ ఆడి, చీటీ పాడి తెచ్చిన డబ్బంతా పోగొట్టాడట, పిల్ల కాలేజీ ఫీజు అందులోదే. అందరం ఏడ్చాం, ప్రార్థన చేశాం, ఆమె చేయి పట్టుకుని ఇంటి దాకా దిగబెట్టి వచ్చాం. ఆ తర్వాత రెండో ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల మీద ఆమె ఆడపడుచు అడ్డం నిలబడి "మా అన్న పరువు వీధిలో పెట్టినావు కదే" అని పదిమంది ముందు కడిగేసింది. అంతే, ఆ అక్క మళ్లీ గ్రూపుకు రాలేదు. ఆమెతో పాటు ఇంకో మూడు ఇళ్లు మానేశాయి. మిగిలినవాళ్లం కూర్చుంటున్నాం, కీర్తన పాడుతున్నాం, "ఎవరైనా పంచుకోవాలనుకుంటే" అని నేను అనగానే అందరూ ఫ్యాన్ వైపు చూస్తున్నారు.

ఎవరు చెప్పి ఉంటారో నాకు అనుమానం ఉంది. ఆ రోజు కలిసింది ఎవరింట్లోనో ఆవిడే. ఆ ఆడపడుచుకు ఆవిడ బాగా దగ్గర. అడగలేదు, అడిగితే గ్రూపే ఉండదు. మీ దగ్గర ఇట్లాంటివి జరిగితే ఏం చేశారు?

చర్చిగంట
విచారణ అని చూసి పోలీసు విచారణ అనుకుని పరిగెత్తుకొచ్చా. తీరా చదివితే నిజంగా అదే.

తుంగభద్రగట్టు
ఇంటి గుట్టు లంకకు చేటు అని ఊరికే అన్నారా. అక్కడ విభీషణుడు ఒక్కడే, మీ దగ్గర పదిహేను ఇళ్లు.

గుత్తి_రైల్వే
మాది సి.ఎస్.ఐ., ప్రొటెస్టెంట్ల సంఘం. మీరు గ్రూపు అంటారు, మేం కాటేజ్ ప్రేయర్ అంటాం, మా నాన్న కాలం నుంచీ ఉంది. మా దగ్గర ఎవరూ విడమరిచి చెప్పరు తల్లీ, మనవి మాత్రమే చెప్తారు. "కుటుంబ సమాధానం కోసం" అంటే మొగుడూ పెళ్లాం మాట్లాడుకోవట్లేదు. "ఆర్థిక విడుదల" అంటే అప్పులోళ్లు గుమ్మంలోకి వచ్చినారు. "పిల్లవాడి భవిష్యత్తు" అంటే ఎవరినో ప్రేమించినాడు. అందరికీ అర్థమైపోతుంది, ఎవరూ ఏమీ చెప్పినట్టుండదు. పరువు దక్కుతుంది, ప్రార్థనా జరుగుతుంది.

చర్చిగంట
"ప్రయాణ క్షేమం" అంటే?

గుత్తి_రైల్వే
అది నిజంగా ప్రయాణమే. మాది రైల్వే కాలనీ.

కడపకోడలు
గుత్తి అన్నా, నవ్వొచ్చింది గానీ ఒప్పుకోను. అట్లా ముసుగేసి చెప్పుకుంటే ఎవరికి లాభం? మా ఆయన కువైట్‌లో ఉండబట్టి ఏడేళ్లు. రెండేళ్లకొకసారి వస్తాడు, రెండు నెలలు ఉంటాడు, బ్యాగు సర్దుకుంటాడు. ఇంట్లో నేను, మోకాళ్ల నొప్పుల అత్తమ్మ, తొమ్మిదో తరగతి కొడుకు. ఒకసారి మూడు నెలలు డబ్బు రాలేదు. ఫోన్ చేస్తే "పంపుతాలే" అని పెట్టేస్తాడు. నేను ఏమేమి ఊహించుకున్నానో ఇక్కడ రాయలేను. మా గ్రూపులో తెగించి నేరుగా చెప్పేసినా. మా గ్రూపులో ఇంకా ఇద్దరి భర్తలు అక్కడే ఉన్నారు. ఒకామె ఆ రాత్రే వాళ్లాయనతో మాట్లాడి, శుక్రవారం సెలవు రోజున ఆయన్ను మావాడి రూముకు పంపించింది. తీరా చూస్తే కంపెనీయే జీతాలు ఆపింది, ఈయన సిగ్గుపడి చెప్పలేదు. రూములో నలుగురు కలిసి ఒక్క పూట వండుకుంటున్నారంట. నేను "ఆర్థిక విడుదల" అని ఊరుకుని ఉంటే అందరూ ఆమెన్ అని టీ తాగి పోయేవాళ్లు, నేను ఇంకో మూడు నెలలు ఆ మనిషిని అనుమానించేదాన్ని.

మల్లెపందిరి_కర్నూలు
కడపకోడలు, ఇదే నేను పోగొట్టుకుంది. మా గ్రూపు కూడా ఇట్లాగే ఉండేది.

రిటైర్డ్_టీచర్_అనంత
ఈ చిన్న సముదాయాలు ఎందుకు వచ్చాయో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. 1967కు ముందు మన కర్నూలు, అనంతపురం అంతా నెల్లూరు మేత్రాసనం (ఒక బిషప్ గారి పరిధి) కింద ఉండేది. ఆ ఏడు కర్నూలు వేరుపడింది, 1976లో కడప కూడా నెల్లూరు నుంచి వేరుపడింది. అంత పెద్ద మేత్రాసనంలో నెల్లూరులో ఉన్న బిషప్ గారికి ఇక్కడి పల్లెలో ఒక ఇల్లు ఎట్లా కనపడుతుంది? మేత్రాసనాన్ని విడగొట్టారు, తర్వాత విచారణలను విడగొట్టారు, ఇప్పుడు వీధులు. చిన్నదయ్యేకొద్దీ మనిషి కనపడతాడు, అంతే సూత్రం. 1990లో ఆసియా బిషప్పులందరూ ఇండోనేషియాలోని బాండుంగ్‌లో కలిసినప్పుడు కూడా విచారణ అంటే చిన్న చిన్న సముదాయాల కలయికగా ఉండాలన్నారు. కొత్తదేమీ కాదు. పౌలు రోమీయులకు రాసిన జాబు చివర్లో అక్విలా, ప్రిస్కిల్లా ఇంట్లో కూడే సంఘానికి వందనాలు చెబుతాడు. వాళ్లు భార్యాభర్తలు, డేరాలు కుట్టుకుని బతికేవాళ్లు.

మీరు పాటించే పద్ధతి బహుశా ఏడు మెట్లదే అయ్యుంటుంది. దక్షిణాఫ్రికాలో లుంకో అనే కేంద్రం నుంచి వచ్చింది. ప్రభువును పిలవడం, వాక్యం చదవడం, మనసుకు తగిలిన మాటను పైకి పలకడం, మౌనం, పంచుకోవడం, ఏం చేయాలో నిర్ణయించుకోవడం, ప్రార్థన. అయిదో మెట్టు పంచుకోవడం, కానీ అది ఆ వాక్యం నన్నెట్లా తాకిందో చెప్పడం, భర్త అప్పులు చెప్పడం కాదు. ఆరో మెట్టు పని. మనవాళ్లు అయిదో మెట్టు మీద చాప పరుచుకుని కూర్చుంటారు, ఆరోది ఎక్కరు. నా అభిప్రాయం ఏమంటే, కాపురం గొడవలు గ్రూపులోకి తేకూడదు. నేరుగా ఫాదర్ గారి దగ్గరకు పోవాలి.

చర్చిగంట
సార్, రేపు దీని మీద టెస్టు ఉందా?

కడపకోడలు
సార్, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. ఫాదర్ గారు పెళ్లి చేసుకున్నారా? మొగుడు మూడు నెలలు డబ్బు పంపకపోతే రాత్రి పూట పెళ్లానికి ఏం గుర్తొస్తుందో పెళ్లయిన ఆడదానికే తెలుస్తుంది.

రిటైర్డ్_టీచర్_అనంత
అమ్మా, ఆ మాట కాదనను. అయినా మీ కేసులో జరిగింది ఆరో మెట్టే. ఒకరు ఫోన్ చేశారు, ఒకరు రూముకు వెళ్లారు. ఏడవడం దగ్గర ఆగలేదు.

ఒంటరిపిట్ట
నాదొక చిన్న మాట. గ్రూపు గుట్టు బయటపడిందని మీరు బాధపడుతూ ఇక్కడ వందల మంది ముందు ఆ గుట్టే రాశారు. ఆ ఆడపడుచు ఇది చదివితే?

మల్లెపందిరి_కర్నూలు
నిజమే, రాసేటప్పుడు ఆలోచించాను. వివరాలు కొన్ని మార్చే రాశాను. రమ్మీ కూడా కాదు. అయినా మీరన్నాక గుండె దడ మొదలైంది.

కోసిగి_కుర్రోడు
మా ఊర్లో గుట్టు బయటపడే సమస్య లేదు, ఎందుకంటే సంక్రాంతి పోగానే గ్రూపే బయటికి పోతుంది. కోసిగి దగ్గర పల్లె మాది. మిరప కోతలకు గుంటూరు వైపు పోతారు. ఒకే బండిలో గ్రూపుకు గ్రూపు ఎక్కేస్తారు, ఇంట్లో కుక్క కూడా ఉండదు కొన్ని ఇళ్లల్లో. అక్కడ పగలంతా కోసి రాత్రి గుడిసెల ముందు కూర్చుని పాటలు పాడుకుంటారు, ఆదివారం దగ్గర్లో గుడి ఉంటే పోతారు. ఊర్లో మిగిలేది ముసలోళ్లు, బడి పిల్లలు. బడిలో సీజనల్ హాస్టల్ తెరిచిన ఏడు పిల్లలు అక్కడ ఉంటారు, లేని ఏడు మా గ్రూపులో వలస పోని రెండు ఇళ్లు చూసుకుంటాయి. మా అమ్మ పోయినేడు తొమ్మిది మందికి సంగటి కెలికింది. ఫ్యామిలీ అపోస్టలేట్ అనే కుటుంబ సేవ, కౌన్సెలింగ్ ఇవన్నీ మాకు తెలియవు అన్నా, పిల్లలు బడి మానకుండా ఉంటే చాలు. ఆరో మెట్టు అని సార్ అంటున్నది ఇదేనేమో, మేం మొదటి అయిదు ఎక్కకుండానే అక్కడికి దూకినట్టున్నాం.

రిటైర్డ్_టీచర్_అనంత
బాబూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పు.

కొండారెడ్డి_బురుజు
అసలు సమస్య టిఫిన్లు అని నా అభిప్రాయం. నవ్వకండి. మా గ్రూపులో మొదట టీ, బిస్కట్. తర్వాత ఒకరు ఉగ్గాని బజ్జీ పెట్టారు. ఆ తర్వాతి ఇంటామె తగ్గుతుందా, పూరీ. మూడు నెలలకు చికెన్ బిర్యానీ, చివర్లో ఐస్‌క్రీమ్. కూలికి పోయే రెండు ఇళ్లవాళ్లు తమ వంతు రాగానే "ఊరికి పోతున్నాం" అనడం మొదలుపెట్టారు. అసలు ఆసరా కావాల్సింది ఆ ఇళ్లకే. ఇప్పుడు రూల్ పెట్టాం, టీ, బొరుగులు, అంతే.

చర్చిగంట
బిర్యానీ గ్రూపు ఏ వీధిలో ఉందో అడ్రస్ పెట్టండి. ఆత్మీయ అవసరం.

ఒంటరిపిట్ట
మా దగ్గర ఇంకో రకం. "జంటలుగా రండి" అని గుడిలో ప్రకటించారు. మా ఆయన చనిపోయి నాలుగేళ్లు. నేనెవరితో జంటగా పోవాలి? కుటుంబ జీవితం అనగానే మొగుడూ పెళ్లాం ఇద్దరు పిల్లలు ఉన్న క్యాలెండర్ బొమ్మే గుర్తొస్తుంది అందరికీ. నేనూ నా కూతురూ కుటుంబం కాదా? వెళ్తే అందరూ జాలిగా చూస్తారు, వెళ్లకపోతే విశ్వాసం తగ్గిందంటారు. ఒకామె అయితే వాళ్లాయన్ను నా పక్క కుర్చీలో కూర్చోనివ్వలేదు. సరదాకి చెప్పడం లేదు.

కడపకోడలు
అక్కా, అది నాకు బాగా తెలుసు. మొగుడు ఊర్లో లేని ఆడదానికి కూడా అదే కుర్చీ. మీరు దగ్గర్లో ఉంటే మా గ్రూపుకు రండి, మాది మొగుళ్లు లేని గ్రూపే, కుర్చీలన్నీ ఖాళీ.

గుత్తి_రైల్వే
మగవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా దగ్గర ఆడవాళ్లు లోపల, మగవాళ్లు బయట బండ్ల మీద కూర్చుని ఫోన్లు. లోపల ప్రార్థన అయిపోయిందో లేదో తెలుసుకునేది ఆమెన్ గట్టిగా వినపడితేనే. రెండేళ్లు ఇట్లాగే నడిచింది. ఒకసారి గ్రూపులో ఒక పెద్దాయన చనిపోతే సమాధుల తోటలో గుంత తవ్వించడం, పెట్టె తేవడం, బంధువులకు భోజనాలు, అన్నీ ఈ బండ్ల మీది బ్యాచ్‌కే అప్పజెప్పాం. ఆ తర్వాత వాళ్లే లోపలికొచ్చి కూర్చుంటున్నారు. మగవాడిని "మనసు విప్పు" అంటే పారిపోతాడు, "ఈ సంచి పట్టుకో" అంటే వస్తాడు.

కొండారెడ్డి_బురుజు
ఇది రాసుకోవాల్సిన మాట. మా అక్కాబావ కేరళలో ఉంటారు, వాళ్లు టీమ్స్ ఆఫ్ అవర్ లేడీ అనే దాంట్లో ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముందు పారిస్‌లో నాలుగు జంటలు ఫాదర్ అన్రీ కఫారెల్ అనే గురువు దగ్గరకు పోయి, సన్యాసులకు ఒక దారి ఉంది, పెళ్లయిన మాకేది దారి అని అడిగితే, కలిసి వెతుకుదాం పదండి అన్నాడంట. నియమాలు 1947లో రాసుకున్నారు. ఒక్కో బృందంలో అయిదు నుంచి ఏడు జంటలు, ఒక ఫాదర్. వాళ్లకొక నియమం ఉంది, నెలకొకసారి భార్యాభర్తలిద్దరే దేవుని ముందు కూర్చుని తీరుబడిగా మాట్లాడుకోవాలి. టీవీ, ఫోన్, పిల్లలు ఏవీ ఉండకూడదు. గ్రూపుకు వచ్చి "కూర్చున్నాం" అనో "కూర్చోలేదు" అనో చెప్తే చాలు, ఏం మాట్లాడుకున్నారో ఎవరూ అడగరు. మల్లెపందిరి గారి సమస్యకు ఇదొక మందు కదా? గుట్టు ఇంట్లోనే ఉంటుంది, గ్రూపు గుర్తు చేస్తుంది.

చర్చిగంట
మ్యారేజ్ ఎన్‌కౌంటర్ అని ఇంకోటి ఉంది కదా, మా అమ్మానాన్న పోయి వచ్చారు. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవాలట, పది నిమిషాలు రాయడం, పది నిమిషాలు మాట్లాడుకోవడం. మా నాన్న మొదటి ఉత్తరం "గౌరవనీయులైన" అని మొదలుపెట్టాడు.

గుత్తి_రైల్వే
బాబూ, ఆ ఉత్తరం మీ అమ్మ దాచుకుందో లేదో కనుక్కో.

చర్చిగంట
బైబిల్లో పెట్టుకుంది. అది ఇక్కడ రాయకూడదేమో.

జమ్మలమడుగు_నర్సు
నేను ఒక విషయం గట్టిగా చెప్పాలి, మూడ్ పాడైతే క్షమించండి. డ్యూటీలో నేను చూసేవి వేరు. దవడ వాచి వస్తారు, "మెట్ల మీద జారినా" అంటారు. పెంకుటిల్లు, మెట్లే ఉండవు. ఒకామె చెప్పింది, ఆరు నెలలుగా ప్రార్థన గ్రూపులో చెప్తున్నాను, ఓర్చుకో, నీ సహనం చూసి మారతాడు, ఇంకా గట్టిగా ప్రార్థించు అంటున్నారని. ఇట్లాంటి గ్రూపు ఉండటం కంటే లేకపోవడం మేలు. కొట్టడం కాపురం గొడవ కాదు. 2005లో గృహహింస చట్టం వచ్చింది, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు, జిల్లా కేంద్రంలో బాధిత మహిళలకు సాయం చేసే సఖి సెంటర్ ఉంటుంది. గ్రూపు లీడర్ ప్రతి ఒక్కరి దగ్గర ఈ నంబర్ ఉండాలి. గుట్టు, గుట్టు అని ఇందాకటి నుంచి అందరూ అంటున్నారు, ఇక్కడ గుట్టు ఎవరిని కాపాడుతోంది? కొట్టేవాడిని.

రిటైర్డ్_టీచర్_అనంత
సిస్టర్ చెప్పింది అక్షరాలా సత్యం. నా ముందు పోస్టులో కాపురం గొడవలన్నీ ఒకే గాటన కట్టేశాను, అది తప్పు. ఫాదర్ గారి దగ్గరకు పోయినా ఆయన కూడా 181కే పంపాలి.

గుత్తి_రైల్వే
మా పద్ధతికీ ఇక్కడ చెంపదెబ్బే. "కుటుంబ సమాధానం" అనే మాట కింద ఇట్లాంటివి ఎన్ని పోయాయో.

తుంగభద్రగట్టు
ఇంతవరకు జోకులేసినా, ఇప్పుడు కొంచెం నా సంగతి. నేను తాగేవాణ్ణి. మామూలుగా కాదు. మా ఆవిడ రెండుసార్లు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది, రెండోసారి రాలేదు ఏడాది దాకా. గుడిలో మా ఇంటి కోసం ప్రార్థన చేసేవాళ్లు, పేరు పెట్టి. నేను వెనక బెంచీలో కూర్చుని వినేవాణ్ణి. సిగ్గుతో బయటికొచ్చి ఎక్కడికి పోతాను? నేరుగా దుకాణానికే.

తాగుడు ఆపింది ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగులో. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టింది అది, ఇప్పుడు ప్రపంచమంతా ఉంది. తొమ్మిదేళ్లయింది నేను మానేసి. అక్కడ నాకు నచ్చింది ఏందంటే ఇంటిపేరు అడగరు. ఏం పని చేస్తావని అడగరు. సంతకాలు పెట్టే బుక్కు ఉండదు. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలి పో అంటారు, నిజంగా వదిలి పోతారు, ఎందుకంటే నా గుట్టు వాడి దగ్గర ఉంటే వాడి గుట్టు నా దగ్గర ఉంది. మీ గ్రూపుల్లో ఒకామె చెప్తుంది, పద్నాలుగు మంది వింటారు. చెప్పినామె బట్టలు విప్పుకుని నిలబడినట్టు, మిగతావాళ్లు చీరలు కట్టుకుని కూర్చున్నట్టు. లీడరమ్మా, ఆ రోజు మీ ఇంటి సంగతి మీరేమన్నా చెప్పినారా?

మల్లెపందిరి_కర్నూలు
చెప్పలేదు. నేను నోట్స్ రాసుకుంటున్నాను.

మల్లెపందిరి_కర్నూలు
అన్నా, మీ పోస్టు చదివి నా జవాబు నేనే మళ్లీ చదువుకున్నాను. ఒక్క రోజు టైమివ్వండి. ఒకటి చూసుకోవాలి.

కడపకోడలు
ఏమైంది అక్కా?

చర్చిగంట
సస్పెన్స్ పెట్టి పోయింది. ఈలోపు ఒక ప్రశ్న, పిల్లల్ని ఎందుకు తీసుకుపోతారు గ్రూపులకు? మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టి మార్కులు అడుగుతారు. పోయినసారి నా సప్లీ గురించి పదకొండు మంది ప్రార్థించారు. పాసయ్యాను, అది వేరే విషయం.

కొండారెడ్డి_బురుజు
పోప్ ఫ్రాన్సిస్ కుటుంబాలకు మూడు మాటలు చెప్పేవారు, అనుమతి అడగడం, కృతజ్ఞత చెప్పడం, క్షమించమనడం. మా గ్రూపులో ఒక నెల దాన్ని ఇంట్లో వాడి చూడండి అన్నారు. నేను మా ఆవిడకు కూర బాగుంది, థ్యాంక్స్ అన్నాను. ఎంత అప్పు చేశావు అంది.

జమ్మలమడుగు_నర్సు
మా ఆయన "క్షమించు" అంటే నేను ముందు ఆయన ఫోన్ చూస్తా.

గుత్తి_రైల్వే
మేం నెలకొకసారి కూర్చునేది నిన్న మొదలుపెట్టినాం, బురుజు గారు చెప్పింది చదివి. ముప్పై ఒక్కేళ్ల కాపురం. మొదటి పది నిమిషాలు కరెంటు బిల్లు గురించి. తర్వాత పది నిమిషాలు ఇద్దరం గడియారం చూసుకున్నాం. ఆ తర్వాత ఆవిడ 1998లో జరిగిన ఒక సంగతి ఎత్తింది. అది ఆమెకింకా గుర్తుందని నాకు తెలియదు. రాత్రి పన్నెండయింది లేచేటప్పటికి. ఏం మాట్లాడుకున్నామో చెప్పను, కూర్చున్నాం అని మాత్రం చెప్తున్నా.

ఒంటరిపిట్ట
అన్నా, ఇది చదివి కళ్లనీళ్లు వచ్చాయి.

మల్లెపందిరి_కర్నూలు
వచ్చాను. అందరూ కూర్చోండి.

మాకు గ్రూపు రిజిస్టర్ ఉంటుంది. నెల చివర ఆఫీసులో ఇవ్వాలి. తేదీ, ఎవరిల్లు, ఎంతమంది వచ్చారు, చదివిన వాక్యం, చివర "ప్రార్థన మనవులు" అని ఒక గడి. తుంగభద్రగట్టు అన్న "సంతకాలు పెట్టే బుక్కు ఉండదు" అన్నప్పుడు నా వెన్నులో చలి పుట్టింది. నిన్న ఆఫీసుకు పోయి ఆ నెల పేజీ తీశాను. నా చేతిరాతతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, ఆ అక్క పేరు, ఆమె భర్త పేరు, "జూదపు అలవాటు నుంచి విడుదల, కుమార్తె ఫీజు" అని రాసి ఉంది. రిజిస్టర్లన్నీ ఆఫీసు టేబుల్ మీద ఒక దొంతర. పూజలకు డబ్బు కట్టేవాళ్లు, పెళ్లికి ముందు గుడిలో చదివే ప్రకటనలు రాయించడానికి వచ్చేవాళ్లు అక్కడే కూర్చుంటారు. ఆ ఆడపడుచు కొడుకు పెళ్లి ప్రకటనలు ఆ నెలలోనే చదివారు. నేను ఇంకేం చెప్పాలి.

రెండు నెలలు నేను ఆ ఇంటావిడను అనుమానించాను. గుట్టు బయటపెట్టింది నేనే, అదీ దేవుని పేరు మీద, నీలం ఇంకుతో.

కడపకోడలు
అయ్యో అక్కా.

తుంగభద్రగట్టు
చెడ్డ ఉద్దేశంతో రాయలేదు కదమ్మా. మా ఇంటి పేరు పెట్టి ప్రార్థన చేసినవాళ్లు కూడా చెడ్డవాళ్లు కాదు.

రిటైర్డ్_టీచర్_అనంత
నేను ముప్పై ఏళ్లు రిజిస్టర్లు రాయించినవాణ్ణి. గడి ఉంటే నింపాలనిపిస్తుంది మనిషికి. ఆ గడి ఎవరు పెట్టారు?

మల్లెపందిరి_కర్నూలు
ఫాదర్ గారికి ఆ పేజీ చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ గడి పెట్టమన్నది నేనే కదమ్మా, పూజలో జ్ఞాపకం చేసుకుందామని" అన్నారు. దొంతర మొత్తం బీరువాలో పెట్టి తాళం వేశారు. వచ్చే నెల నుంచి తేదీ, ఇల్లు, తలల లెక్క, అంతే. ఇంకో గ్రూపు లీడర్‌కు ఇది నచ్చలేదు, మనవులు రాయకపోతే ఫాదర్ గారికి కష్టాలు ఎట్లా తెలుస్తాయి అని వాదించింది. ఆమె మాటా కొట్టిపారేయలేం. అడిగి, ఆ ఇంటివాళ్లు సరేనంటే నోటితో చెప్పమన్నారు.

ఆ తర్వాత ఆ ఇంటావిడ దగ్గరకు పోయాను. మీ మీద అనుమానపడ్డాను అని చెప్పేశాను. ఆవిడ ఏమందో తెలుసా? "నాకు తెలుసు. ఆ తర్వాత రెండుసార్లు మా ఇంట్లో కలిసినాం, నేనిచ్చిన టీ నువ్వు తాగలేదు."

జమ్మలమడుగు_నర్సు
ఆ అక్క దగ్గరకు పోయారా? అసలు దెబ్బ తగిలింది ఆమెకు.

మల్లెపందిరి_కర్నూలు
పోయాను, భయపడుతూనే. గుమ్మంలోనే చెప్పాను, నేనే రాశాను, తప్పయిపోయింది అని. మంచినీళ్లు ఇచ్చింది. కూర్చోమనలేదు. గ్రూపుకు రమ్మని నేను అడగలేదు, ఆమె వస్తాననీ అనలేదు. వచ్చేటప్పుడు మాత్రం, ఆయన ఇంకా ఆడుతున్నాడు అంది. చేయి ఎత్తుతాడా అని అడిగాను, నర్సు గారి పోస్టు గుర్తొచ్చి. లేదంది. అయినా 181 కాగితం మీద రాసి ఇచ్చాను, పక్కన నా నంబర్. ఫీజు సంగతి మా ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకున్నాం, అది ఇక్కడ రాయను.

గుత్తి_రైల్వే
మంచి పని చేశావు తల్లీ. మా ఆవిడ స్త్రీల మైత్రిలో, అంటే మా సంఘం ఆడవాళ్ల కూటంలో, ఎప్పుడూ ఒక సంగతి చెప్తుంది. 1876లో ఇంగ్లండ్‌లో మేరీ సమ్నర్ అనే ఆమె తన భర్త పాస్టరుగా ఉన్న విచారణలో తల్లులందరినీ పిలిచి, తీరా వాళ్లు వచ్చి కూర్చున్నాక నోట మాట రాక, వచ్చే వారం రండి అని పంపించేసిందంట. మదర్స్ యూనియన్ అట్లా మొదలైంది. లీడర్లు తడబడటం కొత్త కాదు.

తుంగభద్రగట్టు
మల్లెపందిరి అమ్మా, మీకు ప్రైవేట్ మెసేజ్‌లో నా నంబర్ పెట్టినా. నేనూ కర్నూలే. నాది మందు, ఆయనది జూదం, పెద్ద తేడా లేదు. ఆయనకు ఇష్టమైతేనే. ఆ అక్క చేత బలవంతంగా ఇప్పించొద్దు.

మల్లెపందిరి_కర్నూలు
ఇచ్చాను అన్నా. ఆమె ఆయన చొక్కా జేబులో పెట్టిందట. పది రోజులయింది, ఆయన చేయలేదు కదా?

తుంగభద్రగట్టు
లేదు. నేను కూడా నాకిచ్చిన నంబర్ జేబులో పెట్టుకుని అయిదు నెలలు తిరిగినా. మధ్యలో చొక్కా ఉతికితే కాగితం ముద్దయింది, మళ్లీ పోయి అడిగి రాయించుకున్నా.

చర్చిగంట
ఈ గురువారం ఎవరింట్లో?

మల్లెపందిరి_కర్నూలు
ఆవిడింట్లోనే. ఈసారి మొదట మా ఇంటి సంగతి నేను చెప్తానని మా ఆయనకు చెప్పాను. ఏ సంగతి అని రెండు రోజులుగా అడుగుతున్నాడు.

కడపకోడలు
టీ తాగక్కా ఈసారి.

మల్లెపందిరి_కర్నూలు
రెండు గ్లాసులు.